చావుష్

తెలుగు చెవికి ఈ పేరు మొదట కొంచెం భయం పుట్టిస్తుంది. ‘చావుష్’ అనగానే ముందున్న రెండక్షరాలే వినిపిస్తాయి, మూడోది అందేలోపు మనసు ఎక్కడికో పోతుంది. పాతబస్తీలో చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ వైపు వెళ్తే ఈ మాట గల్లీలో, హోటల్లో, పెళ్లి బరాతులో మామూలుగా వినిపిస్తుంది. పెద్దమనిషిని పిలవాలన్నా చావుషే, ఆ మొత్తం జనాన్ని కలిపి చెప్పాలన్నా చావుషే. గళ్ల లుంగీ, పొడుగు కమీజు, ఎత్తయిన మనిషి, పేరు మధ్యలో ఒక ‘బిన్’: ఊరివాళ్ల లెక్కలో ఇవన్నీ కలిస్తే చావుష్.

మన చావుకీ ఈ చావుష్‌కీ చుట్టరికం లేదని చెప్పడానికి నిఘంటువు తెరవక్కర్లేదు, నాలుక చాలు. చావు అనే తెలుగు మాటలో ఉన్నది పళ్ల దగ్గర పలికే ౘ. బాలవ్యాకరణం కాస్తయినా చదివినవాళ్లకు ఇది గుర్తుంటుంది: అచ్చతెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ లు కాక మిగతా అచ్చులు చేరితే చ దంత్యమవుతుంది. చాప, చాలు, చూపు అన్నీ అంతే. పైనుంచి వచ్చిన మాటల్లో మాత్రం చ తాలవ్యంగానే నిలబడుతుంది. పర్షియన్ నుంచి దిగిన ‘చాకు’ను మనం ‘చాప’లా పలకం. చావుష్‌లో చ కూడా చాకులోని చ లాంటిదే. అంటే మన నోరే ఇది బయటిమాట అని తీర్పు చెప్పేసింది. ఎంత బయటిది అన్నదే ప్రశ్న.

చావుష్‌లంటే అరబ్బులు కదా, కాబట్టి ఇది అరబ్బీ మాటే అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. బార్కస్ కుటుంబాల పూర్వికులు హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లే. నేటి యెమెన్‌లో తూర్పున, షిబామ్, సైయూన్, తరీమ్ పట్టణాలున్న ఎండులోయ అది. సముద్రం మీద దానికి షిహ్ర్, ముకల్లా రేవులు. అక్కడివాళ్ల భాష అరబ్బీ, మతం ఇస్లాం, పేర్లు అరబ్బీ. పేరుకు తగిలించిన హోదా మాత్రం తురుష్క భాషది. అసలు చ అనే ధ్వనికి అరబ్బీలో అక్షరమే లేదు.

ఈ సంగతిని కాస్త నిదానంగా చూడాలి. 11వ శతాబ్దిలో మహమూద్ అల్ కాష్గరీ అనే పండితుడు బాగ్దాదులో కూర్చుని తుర్కీ మాటలన్నిటినీ అరబ్బీలో వివరిస్తూ ఒక నిఘంటువు రాశాడు. అందులో చావుష్ ఉంది. యుద్ధంలో సైనికులను వరుసల్లో నిలబెట్టేవాడు, యుద్ధం లేనప్పుడు వాళ్లు జనం మీద పడి దౌర్జన్యం చేయకుండా అడ్డుకునేవాడు అని అతని వివరణ. ‘చావ్’ అంటే పాత తుర్కీలో పేరుప్రతిష్ఠ, నలుగురి నోట నానే మాట. దాన్నుంచే చావుష్ పుట్టిందని, మొదట గట్టిగా కేకవేసి చెప్పేవాడనే అర్థం ఉండేదని కొందరు భాషావేత్తలు అంటారు. నాకు ఇది సబబుగానే తోస్తుంది. ఎందుకంటే ఈ మాట ఏ దేశం వెళ్లినా దాని వెంట ఒక కేక ఉంది.

తుర్కీ దేశపు ఉస్మానీ (ఒట్టోమన్) సుల్తాను ఊరేగింపు వస్తుంటే ముందు నడుస్తూ దారి ఇవ్వమని అరిచేది చావుషులే. ఐరోపా రాజుల దగ్గరికి సుల్తాను కబురు మోసేదీ వాళ్లే. ఇరాన్‌లో చావుష్ అంటే మష్‌హద్‌కో కర్బలాకో వెళ్లే యాత్రికుల బృందానికి ముందుండి పాట ఎత్తుకునేవాడు. సెర్బియాలో పెళ్లిళ్లలో నవ్వులు పూయించే హాస్యగాడికి ఈ పేరు మిగిలింది. ఢిల్లీలో బల్బన్ సుల్తాను సవారీ బయల్దేరితే నకీబులూ చావుషులూ వేసే కేకలు చాలా దూరం వినిపించేవని చరిత్రకారుడు బరనీ వర్ణనలో ఉంది. 13వ శతాబ్ది ముచ్చట అది. అంటే ఈ మాట మన దేశానికి హద్రమౌత్ అరబ్బుల కంటే ఎన్నో తరాల ముందే, తుర్కీ సుల్తానుల వెంట, పర్షియన్ రాతలో వచ్చి కూర్చుంది.

పడమటి దారిన వెళ్లిన చావుష్ ఇంకా వింత వేషాలు వేసింది. రుమేనియాలో అది ‘చౌష్’ అయింది. వంశీయుడు అనే అర్థమిచ్చే ‘ఎస్కు’ తోక తగిలి చౌషెస్కు అయింది. 1989 డిసెంబరు 25న తుపాకీ గుళ్లకు బలైన ఆ దేశపు నియంత నికొలాయ్ చౌషెస్కు ఇంటిపేరుకీ, బార్కస్‌లో మండీ వడ్డించే పెద్దమనిషి పిలుపుపేరుకీ వేరు ఒక్కటే. బోస్నియాలో 1914 నుంచి 1930 దాకా ముస్లిముల మతపెద్దగా ఉన్న జెమాలుద్దీన్ చౌషెవిచ్, 2023 దాకా తుర్కియే విదేశాంగ మంత్రిగా పనిచేసిన మెవ్లూత్ చావుషోగ్లు కూడా ఈ బంధువర్గమే. ఓగ్లు అంటే కొడుకు. గ్రీకులో త్సాఉసిస్ ఉంది, బల్గేరియాలో చౌషెవ్ ఉంది. ఇంగ్లిషువాళ్లు దీన్ని ‘చౌస్’ చేసి మోసగించడం అనే అర్థంలో వాడారు. 1610లో ప్రదర్శించిన బెన్ జాన్సన్ నాటకం ‘ది ఆల్కెమిస్ట్’లో ఈ మాట కనిపిస్తుంది. లండన్‌లో వర్తకులను ముంచి పారిపోయిన ఒక తుర్కీ దూత కథను దీనికి మూలంగా చెబుతారు గానీ, దాన్ని నిఘంటుకారులే అనుమానంగా చూస్తారు.

అరబ్బు దేశాల్లో ఏమైందన్నదే మనకు ముఖ్యం. ఉస్మానీల కొలువు నుంచి ఈ హోదా ఈజిప్టుకూ సిరియాకూ వెళ్లింది. అరబ్బీకి చ లేదు కాబట్టి అది ‘షావీష్’ అయింది, పాత రాతల్లో ‘జావీష్’ కూడా. ఈజిప్టు సినిమాల్లో పోలీసు సార్జెంటును షావీష్ అనే పిలుస్తారు. లెబనాన్‌లో 2011 తర్వాత వెలసిన సిరియా శరణార్థుల గుడారాల్లో, భూమి యజమానికీ శరణార్థులకూ మధ్య నిలబడే పెత్తందారు కూడా షావీషే. ఉత్తర ఆఫ్రికాలో ఫ్రెంచివాళ్ల దఫ్తరాల్లో ఇదే మాట ‘షావూష్’ రూపంలో తలుపు దగ్గర నిలబడే బంట్రోతు స్థాయికి దిగింది. హోదాలు అలాగే జారుతుంటాయి. ఉత్తరాదిలో జమాదారు అన్న మాట సైన్యంలోంచి దిగి చీపురు దాకా వచ్చింది కదా.

ఇప్పుడు రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అరబ్బులు తమంతట తాము తెచ్చుకుని ఉంటే మన పాతబస్తీలో వినిపించాల్సింది షావీష్. వినిపిస్తున్నది చావుష్. మొదటి అక్షరం చ, మధ్యలో ‘వీ’ కాదు, ‘వు’. ఈ రెండూ కలిసి వినిపించేది తుర్కీ-పర్షియన్ నోట, అరబ్బు నోట కాదు. అందువల్ల ఈ పేరు హద్రమౌత్ నుంచి ఓడెక్కి రాలేదనీ, ఇక్కడ కొలువులో పేరు రాసుకున్న మునిషీ కలం నుంచి పుట్టిందనీ నా నిర్ణయం. వచ్చినవాడు షావీష్ అనే చెప్పుకుని ఉండవచ్చు, పర్షియన్ చదువుకున్న గుమాస్తా దాన్ని చావుష్ అని దిద్ది ఉండవచ్చు అనే వాదన ఒకటి మిగులుతుంది. అదే నిజమైనా దిద్దిన చెయ్యి దఫ్తరుదే.

హైదరాబాదు దఫ్తరానికి తుర్కీ మాట కొత్త కాదు. ఊరు కట్టించిన మహమ్మద్ కులీ పేరులోని ‘కులీ’ తుర్కీ మాటే, దాసుడని అర్థం. కుతుబ్‌షాహీల పూర్వికులు కారా కోయున్లు తెగ తుర్కమెన్లు. ఆసఫ్‌జాహీ వంశానికి మూలపురుషుడైన మొదటి నిజాం బిరుదుల్లో చిన్ కిలిచ్ ఖాన్ ఒకటి, ‘కిలిచ్’ అంటే కత్తి. మనం రోజూ వాడే బేగం, బహదూర్, తోపు, తుపాకి, బావర్చి, చివరికి ఉర్దూ అన్న భాషపేరు కూడా ఆ మధ్యాసియా మైదానాల దుమ్ము అంటించుకున్నవే. ఇన్ని మాటల మధ్య చావుష్ ఒక్కటే పరాయిదిగా నిలబడాల్సిన పని లేదు. కాకపోతే మిగతావి మాటలుగా మిగిలాయి. ఇది ఒక జనసమూహానికి పేరై కూర్చుంది.

అది ఎందుకు జరిగిందంటే నిజాం కొలువులో అరబ్బుల స్థితి అలాంటిది. 18వ శతాబ్ది చివరినుంచి దక్కనులో సిపాయి పనికి హద్రమౌత్ మగవాళ్లు రావడం ఎక్కువైంది. నాగపూరు, బరోడా, హైదరాబాదు సంస్థానాలు వాళ్లకు జీతాలిచ్చాయి. వానలు లేని లోయ, ఎడతెగని తెగల పోరు, అప్పటికే జావా, మలయా, తూర్పు ఆఫ్రికా దాకా వలస అలవాటున్న జనం. హైదరాబాదులో వాళ్లను నజ్మె జమీయత్ అనే క్రమంలేని సేన కింద ఉంచారు. అది ఇంగ్లిషు అధికార్ల చేతికింది కంటింజెంటు కాదు, జమాదార్ల సేన. జీతం సర్కారు జమాదారుకు ఇస్తే, జమాదారు తన మనుషులకు పంచుతాడు. జమాదారుకీ సిపాయికీ మధ్య వరుసలు దిద్దే మనిషి ఉండాలి. ఆ చోటు చావుష్‌ది. బయటివాళ్లకు ప్రతి అరబ్బూ ఆ చిన్న అధికారిలాగే కనిపించాడు. సైన్యంలో ఉన్న ఎవరినైనా ‘దొర’ అన్నట్టు, ఎవరిని చూసినా చావుష్ అన్నారు.

కాష్గరీ చెప్పిన అర్థంలో రెండో సగం ఇక్కడ తలకిందులైంది. సైనికుల దౌర్జన్యాన్ని ఆపేవాడు చావుష్ అని ఆయన రాశాడు. 19వ శతాబ్ది హైదరాబాదులో జనం మొరపెట్టుకున్నది చావుషుల దౌర్జన్యం మీదే. అరబ్బు జమాదార్లు వడ్డీ వ్యాపారం చేసేవాళ్లు. అప్పు తీర్చనివాడి ఇంటి ముందు కాపలా పెట్టడం, పట్టుకెళ్లి తమ దేవిడీలో కట్టడి చేయడం మామూలు. సర్కారే వాళ్లకు అప్పుపడి తాలూకాల శిస్తు వాళ్ల చేతిలో పెట్టింది. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగ్ చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఆ తాకట్టు తాలూకాలను విడిపించి, అరబ్బుల సొంత న్యాయానికి పగ్గం వేయడం. అయితే అదే సాలార్‌జంగ్ తనకు నమ్మకమైన కాపలా అవసరమైనప్పుడు చూసింది కూడా అరబ్బుల వైపే. తెలంగాణ పల్లెల్లో దొరల గడీల దగ్గర కాపలా కాసిన అరబ్బులూ రోహిల్లాలూ మన తాతల కథల్లో ఇంకా కనిపిస్తారు. ఆ కథల్లో వాళ్ల మీద ప్రేమ పెద్దగా ఉండదు. ఉండాలని నేను అననూ లేను.

ఇంకో చివర చూస్తే, ఆ జీతం డబ్బు సముద్రం దాటి ఒక రాజ్యాన్నే కట్టింది. ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ హైదరాబాదులో జమాదారు. అతని కొడుకులు 1858లో షిబామ్ పట్టుకున్నారు, 1867లో షిహ్ర్, 1881లో ముకల్లా. 1888లో ఇంగ్లిషువాళ్లతో రక్షణ ఒప్పందం కుదిరింది. అలా నిలబడిన కుఐతీ సుల్తానత్ 1967 దాకా నడిచింది. వాళ్ల ప్రత్యర్థులైన కథీరీ వంశంవాళ్లకూ హైదరాబాదు కొలువుతో సంబంధం ఉండేది. అంటే హద్రమౌత్‌లో తెగల యుద్ధానికి రెండు వైపులా ఖర్చయిన డబ్బులో నిజాం ఖజానా వాసన ఉంది. 1936లో గద్దెనెక్కిన సుల్తాన్ సాలెహ్ బిన్ గాలిబ్ అంతకు ముందు జీవితంలో ఎక్కువ భాగం హైదరాబాదులో గడిపినవాడే. ఆ వంశపు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ తన దేవిడీ విందుల్లో హరీస్ వడ్డించడం వల్లే మన హలీం ఊరికి అలవాటైందని పాతబస్తీవాళ్లు చెప్పుకుంటారు. హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని వెనక ఉన్న హరీస్‌ను ఇప్పటికీ తీపిగా, కారంగా రెండు విధాలా వండేది బార్కస్‌లోనే.

బార్కస్ అన్న ఊరిపేరు కూడా కొలువు మాటే. సిపాయిలుండే ఇంగ్లిషు ‘బ్యారక్స్’ ఉర్దూ నోట నలిగి బార్కస్ అయింది. పక్కనే సలాలా ఉంది, ఒమాన్ తీరంలోని పట్టణం పేరు. ఒకప్పుడు ఈ వాడ జామతోటలకు పేరుమోసింది. ఇప్పుడు మండీ హోటళ్లకు, లుంగీల దుకాణాలకు. పెళ్లి బరాతుల్లో మోగే మర్ఫా డప్పు ఇక్కడి అరబ్బులదీ ఆఫ్రికా సిద్దీలదీ ఉమ్మడి సొత్తు. గణేశ్ నిమజ్జనంలో, పార్టీ ఊరేగింపుల్లో ఆ దెబ్బకు చిందులేసే కుర్రాళ్లలో చాలామందికి అది హద్రమౌత్ దాకా వెళ్లే లయ అని తెలియదు, తెలియక్కర్లేదు కూడా.

ఇంత చెప్పుకున్నాక అసలు చిక్కు వస్తుంది. చావుష్ ఇంటిపేరా? తెలుగువాళ్ల ఇంటిపేరు ముందుంటుంది, తరతరాలకూ మారదు. హద్రమీ పేరు గొలుసులాంటిది: తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, మధ్యలో ‘బిన్’లు, చివర వంశం పేరు. వంశం పేరుకు ముందు ‘అల్’ గానీ ‘బా’ గానీ ఉంటుంది. బావజీర్, బాహమ్దాన్ లాంటివి ఈ బా పేర్లు. ఫలానావారి వంశంవాడని దాని అర్థం. బిన్ అంటే కొడుకు, అంతే. మలక్‌పేట శాసనసభ్యుడు అహ్మద్ బిన్ అబ్దుల్లా బలాలా పేరులో ‘బిన్ అబ్దుల్లా’ తండ్రి పేరు, బలాలా వంశం. మన పత్రికల్లో అప్పుడప్పుడు బిన్‌నే ఇంటిపేరు చేసి ‘బిన్ గారు’ అని రాసేస్తుంటారు. అది ‘కొడుకు గారు’ అని రాసినట్టే. ఆడవాళ్లకు ‘బింత్’ రావాలి, కాగితాల్లో అదీ చాలాసార్లు పోతుంది.

ఈ గొలుసులో చావుష్‌కు చోటు లేదు. అందుకే హైదరాబాదులో చావుష్ అని పిలిపించుకునేవాళ్లు ఎక్కువ, చావుష్ అని రాసుకునేవాళ్లు తక్కువ. ఓటరు జాబితాలో, పాస్‌పోర్టులో వంశం పేరే ఉంటుంది. నాందేడ్, పర్భణీ, బీడ్, జాల్నా, ఔరంగాబాద్ వైపు వెళ్లండి. అక్కడ కాగితం మీద కూడా చావుష్ ఇంటిపేరే. బడి రిజిస్టరులో, దుకాణం బోర్డు మీద, వార్డు సభ్యుడి పేరు చివర అది నిలబడి ఉంటుంది. మరాఠీ రాతలో చాలాసార్లు ‘చాఊస్’ అవుతుంది. ఆ ప్రాంతాలన్నీ 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలోవే. ఈ ఇంటిపేరు ఎక్కడెక్కడ చిక్కగా ఉందో పటం గీస్తే, అందులో చాలా భాగం నిజాం రాజ్యపు పాత సరిహద్దు లోపలే పడుతుంది.

ఒకే జనం, ఒకే కొలువు, అక్కడ ఇంటిపేరై ఇక్కడ పిలుపుగానే ఎందుకు ఆగింది? నాకు తోచిన కారణం ఇది. బార్కస్‌లో అందరూ అరబ్బులే. ఒకరినొకరు వేరుగా గుర్తుపట్టడానికి చావుష్ పనికిరాదు, ఏ వంశమో చెప్పాలి. తాలూకా ఊళ్లో ఖజానా కాపలాకు దిగిన ఒకటి రెండు అరబ్బు కుటుంబాలకు ఆ చిక్కు లేదు. ఊరంతటికీ వాళ్లే చావుషులు. బడిలో పేరు రాయించేటప్పుడు మాస్టారు ఊళ్లో వినిపించే మాటే రాసుకున్నాడు. ఇంటిపేరు అలా పుట్టడం మనకూ తెలిసిందే. కరణం, తలారి, దళవాయి, దేశాయి, పట్వారీ అన్నవి ఒకప్పుడు ఉద్యోగాలే. నిజాం కాలంలో నగర కొత్వాలుగా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిని జనం ఇప్పటికీ కొత్వాల్ వెంకటరామారెడ్డి అనే తలుచుకుంటారు. ఇంకో రెండు తరాలు అలాగే గడిచి ఉంటే అది ఇంటిపేరయ్యేదే.

ఇదే హద్రమౌత్ మనుషులు వ్యాపారానికి వెళ్లిన చోట్ల ఈ మాట అంటలేదు. సింగపూరులో అల్‌జునీద్ వంశం పేరు మీద మెట్రో స్టేషనే ఉంది. కేరళలో ముస్లిం లీగ్ నాయకుడు బాఫఖీ తంగళ్ తన ‘బా’ను నిలబెట్టుకున్నాడు. జావా నిండా అల్‌లూ బాలూ కనిపిస్తాయి. చావుష్ మాత్రం అక్కడ లేదు. వాళ్లు సరుకుతో, మతవిద్యతో వెళ్లారు, ఇక్కడికి తుపాకీతో వచ్చారు. హైదరాబాదులోనే పుట్టి అమెరికాలో స్థిరపడిన చరిత్రకారుడు ఒమర్ ఖాలిదీ దక్కను అరబ్బుల మీద శ్రద్ధగా రాశాడు. తెలుగులో ఆ పని జరిగినట్టు నా కంటికి కనిపించలేదు.

ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు జనాభా లెక్కలు సాయం చేయవు. మన జనగణన ఇంటిపేర్లను లెక్కపెట్టదు. మాతృభాష లెక్క చూద్దామా అంటే, 2011లో దేశం మొత్తం మీద అరబ్బీ అని రాయించుకున్నవాళ్లు సుమారు 55 వేలు. ఆ అంకె కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే బార్కస్ ఇళ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. వచ్చినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు. ఇక్కడి స్త్రీలను పెళ్లాడారు, పిల్లలు తల్లిభాష పట్టుకున్నారు. అలా పరదేశంలో పుట్టినవాళ్లను అరబ్బీలో ‘మువల్లద్’ అంటారు.

ఆ మాట 1948లో చాలామంది బతుకును తేల్చింది. సెప్టెంబరులో హైదరాబాదు మీద భారత సైన్యం జరిపిన పోలీసు చర్య ముగిశాక అరబ్బులనూ పఠాన్లనూ వేలల్లో నిర్బంధించారు. విదేశీయులనుకున్నవాళ్లను ఓడెక్కించి ఏడెన్‌కు పంపారు. ఎవరు విదేశీయుడు? తండ్రి హద్రమౌత్‌లో పుట్టి, తల్లి ఇక్కడిదై, తాను బార్కస్‌లో పుట్టినవాడు ఎవరు? నిజాం సేన రద్దయింది, జీతం ఆగింది, జమాదారీలు పోయాయి. ఉండిపోయినవాళ్లు పహిల్వానీ, జామతోట, చిన్న వ్యాపారం, వాచ్‌మన్ పని వెతుక్కున్నారు. 1970ల తర్వాత గల్ఫ్ తెరుచుకున్నాక తాతలు వచ్చిన దారినే మనవలు ఎదురు నడిచారు. జెద్దాలో దుబాయ్‌లో వాళ్లకు ఈ మాట పనికిరాదు, బా పేరే పనికొస్తుంది. అక్కడ చావుష్ అంటే ఎవరికీ తెలియదు.

ప్రభుత్వం కాగితం మరో విధంగా లెక్కగట్టింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చేసిన చట్టం జాబితాలో సిద్దీలున్నారు. అదే జాబితా వదిలిపెట్టినవాళ్లలో సయ్యదులు, మొఘలులు, పఠాన్ల పక్కన ‘అరబ్’ ఉంది. ఒకే కొలువులో, పక్కపక్క గుడిసెల్లో మొదలైన రెండు జనాలు అలా రెండు గడుల్లోకి వెళ్లారు. అరబ్ అంటే సుల్తాను వంశమనే ఊహ చట్టానికి కూడా ఉన్నట్టుంది. వాచ్‌మన్ చావుష్ ఏ గడిలోకి రావాలో ఆ జాబితా రాసినవాళ్లు బార్కస్ ఒకసారి తిరిగి చూసి ఉంటే బాగుండేది.

ఈ పేరును తెలుగులో ఎలా రాయాలన్నది చిన్న విషయమేమీ కాదు. చౌస్, చావుస్, చాహుష్, చావూష్ అని పత్రికకొక తీరు. మూలానికీ వాడుకకూ దగ్గరది చావుష్, అదే రాయడం మంచిది. చావు గుర్తొస్తుందని మొహమాటపడి చౌష్ అంటే రుమేనియా దారి పట్టినట్టవుతుంది. ఇక ఇళ్లలో పెద్దవాళ్లున్న చావుష్ కుటుంబాలకు నా మనవి ఒకటి. ఏ జమాదారు కింద, ఏ తాలూకాలో, ఏ పనికి మీ ముత్తాత పేరు ఎక్కిందో, ఆయన బా పేరో అల్ పేరో ఏమిటో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆసఫ్‌జాహీ దఫ్తరాలు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పర్షియన్, తెలుగు రెండూ వచ్చిన విద్యార్థి ఎవరైనా చావుష్ అన్న మాట అక్కడ మొదట ఏ సంవత్సరపు కాగితంలో, ఏ అర్థంలో పడిందో వెతికి పెడితే, నా ‘చ’ వాదన నిలుస్తుందో పడుతుందో తేలిపోతుంది.